కుండ కాల్చని మచ్చలు

ఒంటి మీద ఏది లేచినా మా వైపు దానికో పేరుంటుంది, ఆ పేరు నలుగురిలో గట్టిగా చెప్పుకోవడానికి ఎవరికీ మొహమాటం ఉండదు. ఎండాకాలం వీపు నిండా చెమటకాయలు. మామిడిపళ్ళ రోజుల్లో పిల్లల నెత్తి మీద సెగగడ్డలు. ఊడ్పుల్లో బురదలో నానీ నానీ కాలివేళ్ళ సందులు పాసిపోతాయి. గుండ్రంగా అంచు కట్టి దురద పెడితే తామర, మెడ మీద సన్నగా పొట్టు రాలితే శోభి, బుగ్గల మీద నల్లగా పరుచుకుంటే మంగు, నడుం చుట్టూ పొక్కులు పాకితే సర్పి. ఆటలమ్మ పోస్తే అసలు జబ్బనే అనం, అమ్మవారు వచ్చిందంటాం. రావులపాలెం బస్సులో నా పక్కన కూర్చున్న ఒకావిడ, ముక్కూ మొహం తెలియని మనిషి, జాకెట్టు చెయ్యి పైకి జరిపి "ఇది తామరేనంటారా అండీ?" అని అడిగింది. నేనూ కళ్ళజోడు సర్దుకుని చూసి, నాకు తోచింది చెప్పాను. మా దగ్గర అదేమీ వింత కాదు.

ఒక్క మాట మాత్రం ఎవరూ పైకి అనరు. అనాల్సి వస్తే గొంతు తగ్గిస్తారు, "ఆ తెలుపు" అంటారు, లేదంటే ఏమీ అనకుండా తమ చేతి మీద వేలితో చిన్న సున్నా చుట్టి చూపిస్తారు. నేను మాత్రం అంటాను. బొల్లి. నాకుంది. కుడిచేతి వేళ్ళకి, ఎడంచేతి మణికట్టుకి, కింది పెదవికి ఒక పక్కన. ఇలా అనడానికి నాకు కష్టం కాదు, పుట్టినప్పటినుంచీ నాకు నోరెక్కువ. కష్టమైంది మా అత్తయ్యకి.

అత్తయ్య అంటే మా నాన్నకి సొంత అక్క. మాది మేనరికం. రామచంద్రపురంలో డిగ్రీ చదివి, ఆత్రేయపురం పక్క ఊళ్ళో ఆవిడ కొడుకుని చేసుకున్నాను. చిన్నప్పటినుంచీ ఆవిణ్ణి "నువ్వు" అనే పిలిచేదాన్ని. పెళ్ళయ్యాక "మీరు" అనమని మా అమ్మ నాలుగు చివాట్లు పెట్టింది గానీ నాకు నోరు తిరగలేదు. అత్తయ్య కూడా "దాన్నలా వదిలెయ్యవే, గుర్రానికి కళ్ళెం వేస్తే కరుస్తుంది" అని నవ్వేసింది. నేను కథలు రాస్తానని తెలిసినప్పుడు కూడా అంతే. "రాసుకో తల్లీ, కుండ చల్లారాక రాసుకో" అంది.

కుండంటే రేకుల కుండ. మా ఇంట్లో పూతరేకులు చేస్తాం. రేకు తీయడం చూసినవాళ్ళు ఇదేం పని అనుకుంటారు, కూర్చుంటే తెలుస్తుంది. కుండ బోర్లించి ఉంటుంది, దాని కింద కొబ్బరాకుల మంట. జయ రకం బియ్యం మెత్తగా రుబ్బి, పాలకంటే పల్చగా కలిపిన పిండిలో చిన్న గుడ్డ ముంచి, రెండు చేతులతో పట్టుకుని కుండ మీదుగా ఒక్కసారి లాగాలి. గుడ్డ అటు దాటేసరికి ఇటు రేకు ఎండిపోయి ఉంటుంది. వెంటనే అంచు లేపి తీసెయ్యాలి. తొందరపడితే చిరుగుతుంది, తాత్సారం చేస్తే మాడుతుంది. వేలు కుండకి తగలకుండా రేకు తీసిన ఆడది మా వీధిలో లేదు.

అందుకని మా వీధిలో అందరి వేళ్ళకీ మచ్చలుంటాయి. కొన్ని నల్లవి, కొన్ని ఎర్రవి, పాతబడి తెల్లగా పాలిపోయినవి ఎక్కువ. ఎవరైనా బయటివాళ్ళు అడిగితే "కుండ కాల్చిందండీ" అంటాం, అక్కడితో ఆ మాట అయిపోతుంది. పెళ్ళిచూపుల్లో కూడా పిల్ల చేతికి కుండ మచ్చలు కనిపిస్తే "పనిమంతురాలే" అని మెచ్చుకున్నవాళ్ళని చూశాను. ఇంకెక్కడైనా ఆడపిల్ల చేతి మీద తెల్లమచ్చ ఉంటే పది కళ్ళు దాని మీదే ఉంటాయి. మా దగ్గర రెండోసారి చూసేవాళ్ళు లేరు.

నా బొటనవేలి పక్కన తెల్లమచ్చ వచ్చినప్పుడు నేనూ రెండోసారి చూసుకోలేదు. ఇంకో రెండు వచ్చాయి. పైగా గర్వం కూడా, నా చెయ్యి కూడా అత్తయ్య చెయ్యిలా తయారవుతోందని. అత్తయ్య రేకు అంటే మా చుట్టుపక్కల పేరు. ఆవిడ తీసిన రేకు వెనకాల అక్షరం పెడితే చదువుకోవచ్చు. ఆవిడ వేళ్ళన్నీ తెలుపే. అంత పని చేసిన చేతులని నేను అబ్బురంగా చూసేదాన్ని.

ఒక వేసవిలో పెదవి మీద వచ్చింది. కింది పెదవికి ఎడం పక్క, బియ్యపుగింజంత. నా పెదవిని తీసుకెళ్ళి ఏ కుండ మీదా పెట్టలేదు కదా. అద్దంలో చూసుకుంటూ అత్తయ్యని పిలిచాను. ఆవిడ దగ్గరికి వచ్చి, నా గడ్డం పట్టుకుని వెలుతురు వైపు తిప్పి చాలాసేపు చూసింది. ఆవిరి కొట్టి ఉంటుందిలే, వెన్న రాయి అంది. వెన్న రాశాను. కొబ్బరినూనె రాశాను. గింజ కాస్తా చింతపిక్కంత అయింది.

మా ఆయన డాక్టరుకి చూపిద్దాం అన్నాడు. అత్తయ్య వద్దంది. మామూలుగా వద్దనడం కాదు, గిన్నె నేలకేసి కొట్టినంత పని చేసింది. వీధిలో ఎవరి పిల్లాడికి జ్వరమొచ్చినా చంకనేసుకుని ఆసుపత్రికి పరిగెత్తే మనిషి, ఇంట్లో కోడలి మూతికి మచ్చొస్తే ఎండలు తగ్గితే అదే పోతుందంటుంది. నాకు చిర్రెత్తుకొచ్చింది. మూతి నాది, వెళ్తానంటే వెళ్తాను అన్నాను. ఆవిడ, అయితే నేనూ వస్తాను అంది.

రాజమండ్రి బస్సు ధవళేశ్వరం బ్యారేజీ దాటి ఊళ్ళోకి వస్తుంటే ఒక ప్రహరీ గోడ మీద పెద్ద పెద్ద ఎర్రక్షరాలు కనిపించాయి. శ్వేతకుష్టు, సోరియాసిస్, మూలశంక, శాశ్వత పరిష్కారం. కింద ఫోన్ నంబరు. ఆ మొదటి మాట చదవగానే నా గుండె జారింది. చదువుకున్నదాన్నే, అయినా జారింది. బొల్లికీ కుష్టుకీ ఏ సంబంధమూ లేదని ఆ రోజు సాయంత్రానికి తెలిసింది గానీ, తెల్లగా ఉన్న పాపానికి దానికి కుష్టు అని పేరు తగిలించిన మహానుభావుడెవరో ఇప్పుడు ఎదురుపడినా నాలుగు దులుపుతాను. ఒక్క మాటతో ఎన్ని కొంపలు ముంచాడో ఆయనకి తెలిసుండదు. పక్కకి తిరిగి చూస్తే అత్తయ్య కూడా ఆ గోడనే చూస్తోంది. కుడిచేతి చుట్టూ కొంగు చుట్టుకుని ఉంది.

చర్మం డాక్టరు గది బయట కూర్చున్నవాళ్ళలో ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి దాచుకుంటూ ఉంటారు. ఒకాయన మెడకి తువ్వాలు చుట్టుకున్నాడు. ఒకమ్మాయి చున్నీతో కళ్ళు తప్ప అంతా కప్పేసుకుంది. జ్వరాల డాక్టరు దగ్గరైతే పక్కవాళ్ళు మనకేమైందో అడిగి, వాళ్ళకేమైందో కూడా చెప్పేదాకా ఊరుకోరు. ఇక్కడ అందరూ ఫోన్లే చూసుకుంటున్నారు.

డాక్టరు ఆడమనిషే, నా వయసుది. పెదవి చూసింది, వేళ్ళు చూసింది. ఇంట్లో ఇంకెవరికైనా ఇలా ఉందా అని అడిగింది. నేను నోరు విప్పేలోపే వెనకనుంచి అత్తయ్య "ఎవరికీ లేదమ్మా" అంది. డాక్టరు లేచి మమ్మల్ని పక్కన ఒక చిన్న గదిలోకి తీసుకెళ్ళింది. తలుపు వేసి లైటు ఆర్పేసింది. ఆవిడ చేతిలో ఊదారంగు దీపమొకటి ఉంది. భయపడకండి, మామూలు వెలుతురులో కనపడనివి దీంట్లో కనిపిస్తాయి అంది.

ఆ దీపం నా చేతి మీద పెట్టగానే మచ్చలు నీలిమందు పెట్టిన పంచెలా వెలిగాయి. నేను ఎరిగినవే కాదు, ఎరగనివి కూడా. అద్దం పట్టుకుని చూస్తే గడ్డం కింద కూడా ఒకటి ఉంది. నా ఒంటి మీద నాకు తెలియకుండా ఇంత జరిగిందా అనుకున్నాను. నాకు ధైర్యం చెప్పడానికి కాబోలు, అత్తయ్య దగ్గరికి జరిగి నా భుజం మీద చెయ్యి వేసింది.

చీకట్లో నా భుజం మీద ఐదు వేళ్ళూ వెలిగాయి. వేళ్ళే కాదు, మణికట్టు దాకా చెయ్యంతా.

డాక్టరు దీపం కదపలేదు. అత్తయ్య ఒక్క క్షణం తన చెయ్యి తనే చూసుకుంది, తర్వాత చప్పున కొంగు కిందకి లాక్కుంది. లైటు వేశాక ముగ్గురం ఒకరి మొహం ఒకరం చూసుకోలేదు.

"మామ్మగారూ, మీకెన్నాళ్ళ నుంచండీ?" అని డాక్టరు నెమ్మదిగా అడిగింది.

"కాలిందమ్మా. మేం రేకులు తీస్తాం."

"కాలిన మచ్చ ఇలా వెలగదండీ."

అత్తయ్య తల దించుకుంది. నేను ఆవిడ తల దించుకోగా చూడటం అదే మొదలు.

డాక్టరు మాకు ఓపిగ్గా చెప్పింది. చీటీ మీద విటిలిగో అని రాసి, తెలుగులో చెప్పాల్సి వచ్చేసరికి ఆవిడ కూడా కాస్త తడబడి "తెల్లమచ్చలు" అంది. నేను ఉండబట్టలేక, బొల్లి అనండి డాక్టరుగారూ, మాకా మాట తెలుసు అన్నాను. ఆవిడ నవ్వింది. అవును, అదే అంది. చర్మానికి రంగునిచ్చే కణాలు కొన్నిచోట్ల పోతాయట, మన ఒళ్ళే వాటిని శత్రువులనుకుంటుందట. ముట్టుకుంటే అంటుకోదు, కలిసి తింటే అంటుకోదు, ప్రాణానికి భయం లేదు. రక్తసంబంధంలో కొందరికి రావచ్చు, రాకపోనూవచ్చు. మందు ఉంది, పొద్దుటి ఎండ ఉంది, లైటు వైద్యం ఉంది. అయితే వేళ్ళ చివర్లూ పెదాలూ మొండివి, ఓ పట్టాన లొంగవని కూడా దాచకుండా చెప్పింది. ఆ తర్వాత అసలు సంగతి చెప్పింది. ఈ జబ్బున్న మనిషికి చర్మం ఎక్కడ దెబ్బ తిన్నా, ఎక్కడ కాలినా, అక్కడ కొత్త మచ్చ పుట్టే గుణముందట. కాబట్టి కుండ దగ్గర కూర్చోవద్దంది.

నాకు ఒళ్ళు మండింది. చేతనైన పని, పేరు తెచ్చుకున్న పని, మానెయ్యమంటే మానెయ్యడానికి అదేమైనా టీవీ సీరియలా అనుకున్నాను. కోపంలో అత్తయ్య మొహం చూడలేదు. ఆవిడ గొంతు విని తిరిగాను.

"కాలిన ప్రతిచోటా వస్తుందా అమ్మా?"

అందరికీ కాదండీ, ఈ గుణం ఉన్నవాళ్ళకి రావచ్చు అంది డాక్టరు. మీకూ మందు రాయనా అని అడిగింది. అత్తయ్య వద్దని చెయ్యూపి, నాకంటే ముందు బయటికి వెళ్ళిపోయింది.

తిరుగు బస్సులో వెనక సీట్లో కూర్చున్నాం. బ్యారేజీ మీద గోదావరి కనిపించాక ఆవిడ చెప్పడం మొదలుపెట్టింది, నాకేసి చూడకుండా.

ఆవిడ మేనత్తకి, అంటే మా తాతయ్య చెల్లెలికి, ఇదే ఉండేదట. ఒళ్ళంతా. ఆ మాట మా ఇంట్లో నేనెప్పుడూ వినలేదు, అసలు అలాంటి మనిషి ఉందనే వినలేదు. పెళ్ళిళ్ళకీ పేరంటాలకీ జనం వస్తే ఆవిణ్ణి వంటింటి వెనకాల గదిలో కూర్చోబెట్టేవారట. విస్తట్లో అన్నం పెట్టి లోపలికి పంపడం చిన్నప్పుడు అత్తయ్య పని. మా ఆయన పుట్టిన ఏడాది అత్తయ్యకి వేలి సందున తెల్లగా చుక్క కనిపించింది. చూడగానే తెలిసిపోయిందట ఏమిటో. ఆ గదీ ఆ విస్తరీ కళ్ళ ముందు కదిలాయట.

"అప్పటికి మనింట్లో కుండ లేదు," అంది. "మీ మావయ్య వద్దంటే వద్దన్నాడు, మనకేం కర్మ, పొలం ఉందిగా అని. నేనే ఏడ్చి తెచ్చుకున్నాను. వీధిలో అందరి చేతులకీ మచ్చలే కదే. వాటిలో ఇవీ కలిసిపోతాయనుకున్నా."

"మణికట్టు దాకా కుండ ఎలా కాలుస్తుంది అత్తయ్యా?"

ఆవిడ కొంగు జరిపి మణికట్టు చూసుకుంది.

"ఆనించుకునేదాన్ని," అంది. "కొత్తది పుట్టినప్పుడల్లా. ఎవరైనా అడిగితే కాలిన గుర్తు ఉండాలి కదా. మచ్చ కనపడకుండా కాల్చుకున్నాను. కాల్చుకున్నందుకే అది పెరిగిందని ఇవాళ ఆ పిల్ల చెప్పేదాకా నాకు తెలీదు."

నేను ఆవిడ చెయ్యి పట్టుకుని ఏడ్చాను. బస్సులో జనం చూస్తున్నారని కూడా అనుకోలేదు. ఇంత చిన్న తెల్ల చుక్క కోసం మనిషి తన చెయ్యి తనే నిప్పుల మీద పెట్టుకుందంటే, ఆ భయం ఎంతదో నాకు ఊహకి అందలేదు. ఇప్పటికీ అందదు. మావయ్యకి కూడా తెలియదట. ఇన్నేళ్ళు ఒక మంచం మీద పడుకున్న మనిషికి.

అప్పుడే నా దగ్గర మాట తీసుకుంది, ఈ సంగతి ఎవరికీ చెప్పనని. నాకు ఉందని కూడా పైకి అనకూడదు. నాకు బొల్లి అని తేలితే అందరూ తిరిగి ఆవిడ చేతులకేసి చూస్తారు. ఇన్నాళ్ళూ చూడని చూపు చూస్తారు. నేను తిట్టాను, బతిమాలాను, డాక్టరు చెప్పిందంతా మళ్ళీ అప్పజెప్పాను. పక్కన పడుకున్న మావయ్యకే అంటలేదు, అంటుకోదని ఆవిడకి నేను చెప్పాలా? ఎంతకీ ఒక్కటే మాట. "పసుపు దంచడానికి పిలవరే నన్ను."

మా ఊళ్ళో పెళ్ళి పనులు పసుపు దంచడంతో మొదలవుతాయి. రోలుకీ రోకలికీ పసుపు రాసి, బొట్లు పెట్టి, ముత్తైదువులు తలో చెయ్యీ వేస్తారు. మొదటి పోటు ఎవరిదన్నది ముఖ్యం. చల్లని సంసారం, మంచి చెయ్యి ఉన్న మనిషిని చూసి పిలుస్తారు. మా ఊళ్ళో ఎంతోకాలంగా ఆ పిలుపు అత్తయ్యకే. ముహూర్తం పెట్టుకోగానే ఆడవాళ్ళు మా గుమ్మంలోకి వస్తారు, బొట్టు పెట్టి, ఫలానా రోజున మీరు రావాలండీ అని చెప్పి వెళ్తారు. ఆ రోజు ఆవిడ తలంటు పోసుకుని, పట్టుచీర కట్టుకుని, నడుచుకుంటూ వెళ్ళే తీరు చూడాలి. ఆవిడకి ఉన్న ఒకే ఒక్క దర్జా అది. విస్తరి పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళిన పిల్లకి, ఊరంతా కోరి పిలిచే చెయ్యి దొరికింది. అది పోతే నేను బతకలేనన్నట్టే మాట్లాడింది. సరేనన్నాను.

మాట ఇచ్చాక తెలిసింది, నోరు మూసుకోవడం ఎంత పనో. కుండ మానేశాను కదా, ఎందుకు మానేశావంటే చెయ్యి నొప్పి అని చెప్పాలి. పెదవి ఏమిటంటే ఆవిరి అని చెప్పాలి. ఒక అబద్ధానికి ఇంకోటి తోడు. లిప్‌స్టిక్ వేసుకున్న ఆడదాన్ని చూస్తే మూతి తిప్పే అత్తయ్య, రావులపాలెం వెళ్ళి నా కోసం ఒకటి కొనుక్కొచ్చింది. బీరువాలో చీరల కింద దాచి, వీధిలోకి వెళ్ళేటప్పుడు తీసి ఇచ్చేది. నవ్వాలో ఏడవాలో తెలిసేది కాదు. వీధిలో మాత్రం చెవులు కొరుక్కోవడం మొదలైంది. నేను వెళ్తే మాట ఆగిపోయేది.

ఆ మాఘమాసంలో మా వీధి చివరింట్లో పెళ్ళి కుదిరింది. పెళ్ళికూతురి తల్లి అత్తయ్యని పిన్నీ అని పిలుస్తుంది. వాళ్ళ పెద్దమ్మాయి పెళ్ళికి కూడా మొదటి పోటు అత్తయ్యదే. ఈసారీ వచ్చి బొట్టు పెట్టి పిలిచింది, అమ్మాయిని కూడా తీసుకురా పిన్నీ అని నన్నూ పిలిచింది. నేను రానన్నాను. నువ్వు రాకపోతే ఎందుకు రాలేదని అడుగుతారు అంది అత్తయ్య, నా పెదవికి రంగు తనే దిద్దింది.

పెరట్లో షామియానా కింద ఆడవాళ్ళం చేరాం. కాఫీలు ఇచ్చారు. కాఫీతో పాటే నా పెదవి రంగు కూడా పోయినట్టుంది, నేను చూసుకోలేదు. అమలాపురం నుంచి వచ్చిన పెళ్ళికూతురి పెద్దమ్మ నా ఎదురుగా కూర్చుంది. రోకలి దగ్గరికి రమ్మని అందరినీ పిలిచినప్పుడు నేను లేవబోతే ఆవిడ నా మోచెయ్యి పట్టుకుని ఆపింది.

"నువ్వలా కూచోమ్మా. మూతికేంటది?"

పెళ్ళికూతురి తల్లి గబగబా అందుకుని, కుండ ఆవిరంట అక్కా అంది. పెద్దమ్మ తల అడ్డంగా ఊపింది. ఆవిరికి అలా రాదని, అలాంటిది తాను చూసిందని, శుభమా అని మొదలుపెడుతున్నాం కాబట్టి ఎందుకైనా మంచిదని, చాలా మర్యాదగా, గారూ అండీ అంటూనే చెప్పింది. అందరూ నా మూతి చూశారు. మాట నా నాలిక చివరిదాకా వచ్చింది. అత్తయ్యకేసి చూసి మింగేశాను. నా జన్మలో అంత కష్టపడి నేనేదీ మింగలేదు. వెనక్కి జరిగి కుర్చీలో కూర్చున్నాను.

"మీరు కానివ్వండి పిన్నిగారూ, మీది మంచి చెయ్యి అంటారు కదా," అని పెద్దమ్మ అత్తయ్యకి దారి ఇచ్చింది.

అత్తయ్య రోకలి అందుకుంది. రెండు చేతులతో పైకి ఎత్తింది. ఎత్తిన రోకలి అలాగే ఆగింది. ఆవిడ నన్ను చూసింది. పక్కకి జరిపేసిన కుర్చీలో, చేతులు ఒళ్ళో దాచుకుని కూర్చున్న నన్ను. ఆ చూపులో ఏముందో నేను చెప్పలేను గానీ, ఆ వెనక గది ఆవిడకి మళ్ళీ కనిపించిందనే అనుకుంటాను. రోకలి నెమ్మదిగా దించి రోటికి ఆనించింది.

"అది ఆవిరి కాదమ్మా. బొల్లి," అంది. పెళ్ళికూతురి తల్లి వైపు తిరిగింది. "నాకూ అదే. ఇవి కుండ కాల్చినవి కావు. నువ్వీ ఇంటికి కోడలిగా వచ్చిననాడు పసుపు నేనే దంచాను. నీ పెద్దకూతురికీ నేనే దంచాను. ఈ చేతులతోనే. ఇప్పుడు దంచమంటారో వద్దంటారో మీరే చెప్పండి."

పెళ్ళికూతురి తల్లి రోకలి చూసింది, అక్కని చూసింది, అత్తయ్య చేతులు చూసింది. పాపం, ఆవిడ చెడ్డది కాదు. కళ్ళలో నీళ్ళు తిరిగాయి కూడా.

"మంచినీళ్ళు తాగండి పిన్నీ," అంది.

అదీ జవాబు. మా వైపు కాదనడం ఇలాగే ఉంటుంది. అత్తయ్య గ్లాసు అందుకుని తాగింది, వచ్చి నా పక్కన కూర్చుంది. ఇంకెవరో రోకలి ఎత్తారు, పాట మొదలైంది. చివరిదాకా కూర్చున్నాం. ఇద్దరికీ తాంబూలం ఇచ్చారు, అరటిపళ్ళు అందరికంటే ఎక్కువే పెట్టారు. దారిలో నాకు భయం వేసింది, ఈ దెబ్బకి మనిషి మంచం పడుతుందేమోనని.

ఇంటికి వచ్చి అరుగు మీద కూర్చుంది. పట్టుచీర కూడా మార్చుకోలేదు.

"ఇంతేనా?" అంది.

ఏమిటత్తయ్యా అన్నాను.

"మంచినీళ్ళు తాగమంది, అంతేగా. ఎవరూ తిట్టలేదు. ఎవరూ గెంటలేదు. ఇంకో మనిషి రోకలి పట్టుకుంది. ఇంతేనా అమ్మాయ్? దీనికేనా నేను ఇన్నేళ్ళు చేతులు కాల్చుకుంది?"

అని ఏడవడం మొదలుపెట్టింది. చిన్నగా కాదు, వీధి వీధంతా వినపడేలా, గుండెలు బాదుకుంటూ. నేను పట్టుకున్నా ఆగలేదు. పెరట్లో గేదెకి మేత వేస్తున్న మావయ్య ఆ ఏడుపు విని, చేతిలో గడ్డి చేతిలోనే ఉండగా పరిగెత్తుకొచ్చాడు.

"ఏమైందే? మళ్ళీ చెయ్యి కాలిందా?" అన్నాడు.

అత్తయ్య ఏడుపు ఆపింది. కొంగు కిందనుంచి రెండు చేతులూ తీసి, వేళ్ళు విడదీసి, ఎండలో ఆయన ముందుకి చాపింది.

"కాల్లేదండీ," అంది. "ఇలా దగ్గరికొచ్చి చూడండి."